గోడ మీది ఎడారి

మన ఇళ్ళలో చాలాచోట్ల ముందుగది గోడమీద పవిత్ర కాబా చిత్రమో, ఖర్జూరపు చెట్లున్న ఎడారి దృశ్యమో కనిపిస్తుంది. రంగులతోపాటు ఇసుక, గోనెగుడ్డ, తాడు, బంగారు రేకు అతికించి చేసే ‘మిక్స్‌డ్ మీడియా’ చిత్రాలూ ఇప్పుడు వస్తున్నాయి. బాపట్ల దగ్గరి సూర్యలంక ఇసుకతో మన పిల్లలు కూడా అట్టమీద ఎడారిని తీర్చగలరు. మరి ఆ చిత్రం మన విశ్వాసాన్ని పెంచుతుందా?

ముందు ధర్మం సంగతి చూద్దాం. బొమ్మలు చేసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చి తన వృత్తి గురించి అడిగాడని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ప్రాణుల రూపాలు చేయడంపై దైవప్రవక్త (సఅసం) చేసిన హెచ్చరికను ఆయన వినిపించారు. అతను కలవరపడ్డాడు. అప్పుడు చెట్లను, ప్రాణంలేని వస్తువులను చిత్రించుకోమని దారి చూపారు. కళ తలుపు మూయలేదు, హద్దు చూపారు.

అయితే హద్దు దాటకపోతే చాలా? ఒకసారి దైవప్రవక్త (సఅసం) నగిషీలున్న దుప్పటి కప్పుకొని నమాజు చేశారు. ఆ నగిషీలు ధ్యాసను మళ్ళించాయని నమాజు కాగానే దాన్ని అబూ జహమ్ (రజి)కు పంపేసి, సాదా దుప్పటి తెప్పించమన్నారు. ధర్మసమ్మతమైన అందమైనా సరే, మనసును అల్లాహ్ నుండి మళ్ళిస్తే పక్కన పెట్టవలసిందే.

సోదర సోదరీమణులారా! ఎడారి గొప్పదనం ఇసుక తిన్నెల్లో లేదు. పసిబిడ్డ ఇస్మాయీల్ (అలై) దాహం చూడలేక సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగిన బీబీ హాజిరా నమ్మకంలో ఉంది. ఆమె ప్రయత్నం మానలేదు, దైవంపై ఆశ వదల్లేదు. అల్లాహ్ జమ్‌జమ్ ప్రసాదించాడు.

మనం డెల్టావాళ్ళం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నుండి కృష్ణ నీరు కాల్వల్లో తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వస్తుంది. అయినా సముద్రం దగ్గరి పల్లెల్లో బావినీరు ఉప్పగా ఉండి, మంచినీళ్ళ బిందె కోసం తల్లులు దూరం నడిచే చోట్లున్నాయి. గోడమీది ఎడారిని మెచ్చుకుంటూ, గుమ్మం ముందు బిందెతో వెళ్ళే ఆ తల్లిని చూడకపోతే మనకు అర్థమైనదేమిటి?

సత్యతిరస్కారుల కర్మలను దివ్య ఖుర్‌ఆన్ ఎండమావితో పోల్చింది (నూర్: 39). దప్పిగొన్నవాడు నీరనుకొని దగ్గరకు వెళితే అక్కడేమీ ఉండదు. విశ్వాసి ఆ పోలిక విని తన ఆచరణను తడిమి చూసుకోవాలి.

కనుక చిత్రం పెట్టుకోండి. నమాజులో కళ్ళముందు పడకుండా పెట్టుకోండి. దానిని చూసినప్పుడల్లా మీ పిల్లలకు బీబీ హాజిరా కథ చెప్పండి. తరువాత వారి చేత్తోనే పొరుగింటికి ఒక బిందె మంచినీళ్ళు పంపండి.

మన విశ్వాసం ఎండమావి కాకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.