ముందు పాట, ఆ తర్వాతే పోస్టు

బిడ్డా,

బడిలో పాఠాలు చెప్పుకుంటూనే, సెలవు దొరికినప్పుడల్లా పాలమూరు పల్లెలు తిరిగి ముసలమ్మల పాటలు పోగుచేస్తున్నావని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే సంబరం. మన ఇంట్లో ఇలాంటి పనికి పూనుకున్న మొదటిదానివి నువ్వే. అందుకే ఈ నాలుగు మాటలు. కోప్పడడానికి రాయడం లేదు. నచ్చింది ఉంచుకో, నచ్చనిది పెద్దనాయన చాదస్తం కింద కొట్టెయ్.

మొన్న దసరాకు వచ్చినప్పుడు నీ ఫోనులో పాటలు వినిపించావు. ఒక అవ్వ ఇసుర్రాయి పాట పాడుతుంటే వెనక రాయి తిరిగే గరగర, మధ్యలో మేక అరుపు, ఎవరో పిల్లవాడు నీళ్లడగడం, అన్నీ వినబడ్డాయి. ఫోను నిండా అలాంటివే ఉన్నాయి. వాటిలో కాగితం మీదికి ఎక్కినవి ఎన్ని అంటే నవ్వి ఊరుకున్నావు. నేను రాయదలచింది ఆ నవ్వు గురించే.

ఆ పాటలు ఎందుకు ఆగిపోయాయో నీకు నేను చెప్పాలా? ఊళ్లోకి గిర్నీ వచ్చాక ఇసుర్రాయి మూలకు జరిగింది. రైసుమిల్లు వచ్చాక రోకలి పాట పోయింది. కలుపు మందు వచ్చాక చేలో వరసగా వంగి పాడే ఆడవాళ్ల గుంపు పలచబడింది. పని పోయేసరికి పాటకు చోటు లేకుండా పోయింది. ఇప్పుడవి డెబ్బై, ఎనభై దాటిన వాళ్ల నోళ్లలోనే మిగిలాయి. రికార్డు చేశాం గదా, ఇక ఎక్కడికి పోతాయి అనుకుంటున్నావేమో. సగం పని కూడా కాలేదమ్మా. ఆ అవ్వకు ముందు పళ్లు లేవు, మాట జారిపోతోంది. ఒకచోట రాయి చప్పుడులో చరణమే మునిగిపోయింది. అక్కడున్నది ఏ మాటో తెలియాలంటే ఆమెనే అడగాలి. ఫైలు నీ దగ్గర ఎన్నాళ్లైనా ఉంటుంది. అనుమానం తీర్చే మనిషి అన్నాళ్లు ఉండదు. నీ పనికి ఎవరూ గడువు పెట్టలేదని ధీమాగా ఉండకు. ఆ అవ్వల వయసే గడువు.

నువ్వు ఊరికే రీల్స్ చూస్తూ పొద్దుపుచ్చుతున్నావని నేననను. నీలాంటి వాళ్లను పట్టుకునే పరధ్యానం వేరు, అది పని వేషంలో వస్తుంది. పాటలోంచి అర నిమిషం ముక్క కోసి నెట్టులో పెడతావు. ఎందరు చూశారో చూసుకుంటావు. కింద ఎవరో వచ్చి ‘ఈ పాట మీ జిల్లాది కాదు, మాది’ అంటాడు. ఇంకొకాయన బతుకమ్మ పాటకు ‘ఉయ్యాలో’ అన్న పల్లవే అసలుదని, తక్కినవన్నీ తర్వాత వచ్చి చేరినవని తీర్పు చెప్పేస్తాడు. నీకు ఉక్రోషం పుడుతుంది. ఆధారాలు వెతుకుతావు, జవాబు రాస్తావు, ఆయన మళ్లీ రాస్తాడు. రాత్రి పన్నెండు దాటుతుంది. ఈ రోజంతా పాటల పనే చేశానన్న తృప్తితో పడుకుంటావు. పొద్దున్నే నోటుబుక్కు తెరిస్తే మొన్నటి పేజీయే ఉంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈ అడుసులో చిక్కేమిటంటే, తొక్కుతున్నంతసేపూ పొలం పని చేస్తున్నట్టే ఉంటుంది.

ఇందులో నీ బలహీనత కన్నా ఫోనులోని ఆ యంత్రాంగాన్ని పన్నిన తీరే ఎక్కువ. వార్తాపత్రికకు చివరి పేజీ ఉంటుంది. నవలకు చివరి అధ్యాయం ఉంటుంది. తెరను ఎంత కిందికి జరిపినా అడుగు తగలని ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. జనం పొద్దు ఎలా కరిగిపోతోందో చూశాక ఆయనే బహిరంగంగా నొచ్చుకున్నాడు. 2009లో ఫేస్‌బుక్ లైకు బటన్ తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, నెట్టును పొదుపుగా వాడుకునే అలవాటు మన పల్లెల్లో కూడా పోయింది. 2020 జూన్ చివర మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధిస్తే, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దగ్గరికి వచ్చాయి. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మొట్టమొదట మన దేశంలోనే మొదలయ్యాయి. తెర జరిపిన ప్రతిసారీ మంచిది దొరకదు, ఒక్కోసారి దొరుకుతుంది. ఆ ‘ఒక్కోసారే’ చేతిని మళ్లీ మళ్లీ అటు లాగుతుంది. ఇదంతా బాగా చదువుకున్నవాళ్లు కూర్చుని ఆలోచించి చేసిన పని. కాబట్టి నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. ఒట్లు పెట్టుకోవడం వల్లా లాభం లేదు. పొద్దున పెట్టుకున్న ఒట్టు సాయంత్రానికి నీరసపడుతుంది. వాళ్లు ఒక ఏర్పాటు చేశారు, నువ్వూ ఒక ఏర్పాటు చేసుకో.

‘ఫోను అలా చూసి ఇలా పెట్టేశాను’ అంటావు. పెట్టింది చెయ్యి మాత్రమే. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మళ్లితే మనసులో కొంత భాగం మొదటి దాని దగ్గరే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. పాట రాసుకునే వాళ్లకు ఇది ఎంత చేటో చూడు. మూడు నిమిషాల పాటకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. పది సెకన్లు వినాలి, ఆపాలి, రాయాలి, వెనక్కి తిప్పాలి. ‘సూరీడు’ అన్నదా, ‘సూరు కింద’ అన్నదా అని మళ్లీ తిప్పాలి. చెవి ఆ గొంతుకు, ఆ యాసకు అలవాటు పడ్డాకే మాటలు విడివిడిగా తెలుస్తాయి. ఆ అలవాటు కుదురుతున్న సమయంలో ఫోను కిర్రుమంటే మళ్లీ మొదటికొస్తుంది.

నిన్ను చూస్తే నాకు మన పాలమూరు మనిషే, సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొస్తారు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకాయన పత్రికలో రాశాడు. ఇవాళ్టి లెక్కలో అది కావాలని రెచ్చగొట్టే పోస్టే. ప్రతాపరెడ్డి గారి చేతిలో 1926 నుంచి గోలకొండ పత్రిక ఉంది. సంచిక సంచికకూ ఘాటు జవాబు రాసుకుంటూ పోయినా పాఠకులు చప్పట్లు కొట్టేవారే. ఆయన అదే పత్రికతో వేరే పని చేయించారు. మీ పద్యాలు, వివరాలు పంపండని ఊరూరి కవులను అడిగారు. వచ్చినవన్నీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. కవులు లేరని రాసినాయన పేరు ఇవాళ ఎందరికి తెలుసు? సంచిక మాత్రం పరిశోధన చేసేవాళ్లకు ఇప్పటికీ కావాల్సిన పుస్తకమే.

ఆయన అక్కడితో ఆగలేదు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాలను జల్లెడ పట్టి రాసిన పుస్తకం అది. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. అది అందుకోవడానికి ఆయన లేరు, 1953లోనే పోయారు. మెప్పు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ పుస్తకం మనకు ఉండేది కాదు.

అసలు వాదానికే దిగవద్దని కూడా అనను. గిడుగు రామమూర్తి గారిని మించిన వాది ఎవరు? వ్యావహారిక భాష కోసం సభలకెక్కి పోట్లాడారు, 1919లో ‘తెలుగు’ అని పత్రికే పెట్టారు. అంత గొడవలోనూ సవర అనే గిరిజన భాష మీద పని వదల్లేదు. పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గరే ఆ భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన డెబ్బై దాటిన పెద్దమనిషి. వాదం పైపైన సాగుతుంటే అడుగున అసలు పని నడుస్తూనే ఉండాలి. అది ఆగిపోయి వాదమే మిగిలితే మనిషికి మిగిలేది గొంతునొప్పే.

నీ చెయ్యి ఫోను వైపు ఎందుకు పోతుందో నాకు తెలుసు. నీది ఒంటరి పని. జీతం లేదు, పైఅధికారి లేడు, శభాష్ అనేవాడు అసలే లేడు. గంటసేపు కూర్చుని ఒక చరణం విడదీస్తే, ఆ సంతోషం చెప్పుకోవడానికి గదిలో ఎవరూ ఉండరు. అదే ముక్క పోస్టు చేస్తే పది నిమిషాల్లో నలుగురు మంచి మాట అంటారు. ఆ మాట కావాలనిపించడం తప్పు కాదు, బిడ్డా. దాన్ని వెతుక్కునే చోటు మార్చుకో. రాసిన పాట పట్టుకుని మళ్లీ ఆ అవ్వ దగ్గరికి పో. చదివి వినిపించు. ‘అట్ల కాదు పిల్లా, ఇట్ల’ అని ఆమె దిద్దుతుంది. ఆ దిద్దడంలో, అప్పుడు మరిచిపోయిన చరణం గుర్తొచ్చినా రావచ్చు. ఎంతమంది లైకు కొట్టినా ఆ చరణం నీకు తెచ్చివ్వలేరు. అవ్వ దగ్గరికి పోవడం కుదరని రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, పాట మొత్తం వింటాను.

ఇక నాకు తోచిన ఏర్పాటు చెబుతాను. పాట రికార్డు చేసిన సాయంత్రమే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించు. ఊరు, పాడిన మనిషి, తేదీ, ఏ పని చేస్తూ పాడే పాట అన్నది ఫైలు పేరులోనే రాయి. వివరం లేని ఫైలు ఆర్నెల్లకు నీకే అర్థం కాదు. రాయడానికి కూర్చునేటప్పుడు ఫోను వేరే గదిలో ఉండాలి, ల్యాప్‌టాప్‌లో నెట్టు ఆపేసి ఉండాలి. బడికి పోకముందు ఒక గంట ఈ పనికే కేటాయించు. లేవగానే ఫోను తెరిస్తే ఆ గంట నీ చేతిలో ఉండదు. అందుకే లేపడానికి రెండు వందల రూపాయల అలారం గడియారం కొనుక్కో.

చేత్తోనే రాయి. ఎడమ పేజీలో విన్నది విన్నట్టు, కుడి పేజీలో అర్థాలు, అనుమానాలు. తెలియని మాట తగిలితే అక్కడికక్కడే నెట్టులో వెతకడానికి లేవకు. ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పో. ఒక్క మాట కోసమని లోపలికి వెళ్లిన మనిషి అంత సులువుగా బయటికి రాదు. పాటంతా అయ్యాక అనుమానాలన్నీ కలిపి ఒకేసారి చూడు. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ బల్ల మీద పెట్టుకో, మన పాటల మీద పని చేసేవాళ్లకు అది పెద్ద దిక్కు. అందులోనూ తేలనివి అవ్వలనే అడుగు.

నెట్టును వదిలెయ్యమని చెప్పడం లేదు. పక్క జిల్లాలో ఇదే పాట ఇంకోలా పాడతారని నీకు తెలిసింది దాని వల్లే గదా. వారానికి ఒక సాయంత్రం దానికి ఇవ్వు, మిగతా రోజుల్లో నోటిఫికేషన్లు కట్టెయ్. పోస్టు పెట్టాలనిపిస్తే పెట్టు. ఆ పాట పూర్తిగా రాసి ఉండాలి, పాడిన అవ్వ సరేనని ఉండాలి, ఆమె పేరు, ఊరు కింద ఉండాలి. ఎవరైనా తప్పు పడితే, జవాబు నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకుని రెండు రోజులు ఆగు. అందులో సరుకుంటే నీ పుస్తకంలో వివరణగా చేరుతుంది. లేకపోతే అక్కడే ఉండిపోతుంది, నష్టం లేదు. అలసట వస్తే ఫోను పట్టుకుని పడుకోకు, లేచి నాలుగడుగులు నడిచిరా.

ఇవన్నీ ఒక్కరోజులో చెయ్యలేవు, చెయ్యమని అడగను కూడా. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఇసుర్రాయి పాట ఈ ఆదివారం లోపు మొదటి నుంచి చివరి దాకా రాయి. మునిగిపోయిన చరణం కోసం అవ్వ దగ్గరికి ఒకసారి పోయిరా. దిద్దిన ప్రతి నాకు పంపు. పోస్టు సంగతి ఆ తర్వాత చూద్దాం.

నీ పెద్దనాయన