పొత్తిగుడ్డల లెక్క

మా అమ్మాయిని ఎనిమిదో నెలలో పురిటికి తీసుకొచ్చాం. వచ్చిన మూడోనాడు మధ్యాహ్నం నేను కందిపప్పులో రాళ్ళేరుకుంటూ కూర్చుంటే పక్కన చేరి, "అమ్మా, ఒక ఛేంజింగ్ ప్యాడ్ కొందామా?" అంది.

"అదేమిటే?" అన్నాను.

ఫోనులో బొమ్మ చూపించింది. చంటిపిల్లకు గుడ్డ మార్చేటప్పుడు కింద పరిచే బుల్లి పరుపు. పైన రెక్సిను లాంటి తొడుగు. తడిస్తే తుడిచేసుకోవచ్చు. రెండు పక్కలా గట్టులాగా కాస్త ఎత్తు, మధ్యలో ఓ బెల్టు. ఖరీదు 1,450 రూపాయలు.

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. మంచం ఉంది, చాప ఉంది, బొంత ఉంది, నా ఒడి ఉంది. ఇన్ని ఉండగా గుడ్డ మార్చడానికని వేరే ఒక పరుపా! "నిన్ను పెంచడానికి ఏం కొన్నామే? అమ్మమ్మ పాత చీరలు చింపి, నాలుగు మడతలు పెట్టి వేసేది. కింద ఓ రబ్బరు షీటు. అంతే!" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

అది మారు మాట్లాడలేదు. ఫోను పక్కన పెట్టేసి తనూ పప్పు ఏరడం మొదలుపెట్టింది. వాదించి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఊరుకుంది, అంచేత ఆ మాట నన్ను పట్టుకుంది.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంత ఆలోచనా అని మీరు అనుకోవచ్చు. కానీ చూడండి, ఇల్లు కొనాలన్నా, పిల్ల పెళ్ళి చెయ్యాలన్నా నలుగురం కూర్చుని మాట్లాడుకుంటాం. ఆ నిర్ణయంలో మన పాలెంతో మనకే తెలీదు. పప్పు ఏరుతూ ఒంటరిగా "కొందాం", "వద్దు" అనే చోటనే మన గుణం బయటపడుతుంది.

సాయంత్రం అమ్మతో చెప్పాను. డెబ్బై ఏళ్ళావిడ. "పుట్టకముందే ఏమీ కొనకూడదు" అంది, మరో మాటకు తావు లేకుండా. కాలేజీలో చదివే రోజుల్లో దీన్ని మూఢనమ్మకమని గంటలకొద్దీ వాదించేదాన్ని. ఇప్పుడు వాదించలేను. నాకంటే ముందు అమ్మకు ఓ మగపిల్లాడు పుట్టి తొమ్మిదో రోజున పోయాడు. వాడి కోసం ముందుగానే అల్లుకున్న ఊలు టోపీ ఏమైందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

1971 లో మన దేశంలో వెయ్యి మంది బిడ్డలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారట. 2020 నాటికి ఆ లెక్క 28 కి దిగింది. ఈ అంకెలు చదివాక మన ఆచారాలు కొన్ని నాకు వేరేగా కనిపించాయి. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టడం, కొత్త గుడ్డ తాకనివ్వకుండా పాత గుడ్డల్లో చుట్టడం, బిడ్డలు దక్కని ఇళ్ళల్లో పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టడం... ఇవన్నీ మృత్యువు గుమ్మంలో నిలబడితే "అబ్బే, మాకేం అంత మక్కువ లేదులే, పాత గుడ్డల్లో పడేశాం" అని అబద్ధం చెప్పడమే కదా! అంత ప్రేమ ఉంటే గాని అలాంటి అబద్ధం చెప్పరు. సరే, పుట్టేదాకా కొనకూడదు. అది అమ్మ నియమం, దాన్ని నేను దాటను. కానీ పుట్టాక?

ఇక్కడే నా పురుడు గుర్తొచ్చింది. తెనాలిలో, శ్రావణ మాసం ముసురు. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటే ఆ రెండు కాళ్ళ మధ్య లోయే పిల్లకు సమస్తం. నలుగు అక్కడే, స్నానం అక్కడే, ఒళ్ళు తుడవడం, సాంబ్రాణి పొగ, గుడ్డ కట్టడం అన్నీ అక్కడే. గట్టు కూడా ఉంది, బెల్టు ఒక్కటే తక్కువ. ఆ ప్యాడ్ ఎవరు కనిపెట్టారో గాని ఎక్కడో ఓ అమ్మమ్మ కాళ్ళు చూసే ఉంటారు!

పొత్తిగుడ్డలు మాత్రం ఆరేవి కావు. కుంపట్లో నిప్పులేసి, మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేవారు. రోజుకు ముప్పయ్యో నలభయ్యో. ఏ ఖర్చూ లేకుండా పిల్లని పెంచామని చెప్పుకుంటూ ఉంటాను గదా, ఒకరోజు రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ఆ గుడ్డలు ఉతికిందెవరు? నేను కాదు, పచ్చి బాలింతని. అమ్మ కాదు. పొద్దున్నే దొడ్డి గుమ్మంలోకి ఒకావిడ వచ్చి, ఆ మూట ఎత్తుకుని కాలవకు తీసుకుపోయేది. అంత వానలోనూ. పురిటి మైల గుడ్డలని ఇంట్లోవాళ్ళం ఎవరం ముట్టుకోకపోతే ఆవిడ ముట్టుకునేది. ఆవిడకిచ్చింది కాసిని బియ్యం, ఒక పాత చీర, పదకొండో రోజున ఓ రవికల గుడ్డ. మేము ఆవిణ్ణి "చాకలి" అనేవాళ్ళం. పేరేమిటో నాకు తెలీదు. నెలా పదిహేను రోజులు నా బిడ్డ మలమూత్రాలు కడిగిన మనిషి పేరు తెలీకుండా ఇన్నాళ్ళూ "మేం ఏమీ కొనలేదు" అని గొప్పలు పోతున్నానన్నమాట. కొనలేదు, నిజమే. ఖర్చు ఇంకొకరి నడుం మీద పడింది.

ఆ రబ్బరు షీటు కూడా మన తాతల నాటిదేం కాదు సుమండీ! స్కాట్లండులో ఛార్లెస్ మాకింటాష్ అనే ఆయన గుడ్డల మధ్య రబ్బరు పూసి నీరు దిగకుండా చేసి 1823 లో పేటెంటు తీసుకున్నాడు. మన ఆసుపత్రుల్లో నర్సమ్మలు ఇప్పటికీ ఆ షీటుని మాకింటాషనే అంటారు. ఇక అమెరికాలో మేరియన్ డోనవన్ అనే ఇల్లాలు, తడిసిన పక్కగుడ్డలు ఉతకలేక విసుగెత్తి, స్నానాలగది తెర ఒకటి కత్తిరించి పిల్లలకు నీరు దిగని పై తొడుగు కుట్టింది. 1951 లో ఆమెకు పేటెంటు వచ్చింది. కనిపెట్టిన వాళ్ళలో ఉతికే మనిషి ఉంటే వస్తువు ఎలా ఉంటుందో చూడండి. మా అమ్మ రబ్బరు షీటు కొన్నప్పుడు మా నాయనమ్మ "ఇదేం విడ్డూరం!" అందట. ఇప్పుడు ఆ మాట అనే వంతు నాకొచ్చింది కాబోలు.

అయితే అమ్మేవాళ్ళ మాటలూ నేను నమ్మను. "మీ పాపాయి భద్రత కోసం" అని రాశారు ఆ బొమ్మ కింద. పాపాయి భద్రతకు నేలని మించింది లేదు. నేల మీద పడుకున్న పిల్ల ఎక్కడికి పడుతుంది? నాలుగో నెల వచ్చేసరికి బోర్లా పడడం మొదలవుతుంది. అప్పుడు ఎత్తు మీద పెట్టి పక్కకు తిరిగితే ఏ బెల్టూ కాపాడదు, తల్లి చెయ్యి ఒకటి పిల్ల మీద ఉండి తీరాలి. పిల్లకు ఆ ప్యాడ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మరి ఎవరికి కావాలి?

ఈ ప్రశ్న వేసుకునేసరికి నాకు కాస్త సిగ్గేసింది. పుట్టబోయే మనవరాలికో మనవడికో అని వెండి గ్లాసుకీ, సన్నటి బంగారు గొలుసుకీ డబ్బు తీసి అప్పటికే పక్కన పెట్టాను. వియ్యాలవారి ముందు బావుండాలి కదా! వేలకు వేలు అనుకున్నప్పుడు చెయ్యి వణకలేదు. 1,450 దగ్గర వణికింది. ఎందుకంటే ఆ డబ్బు నా కూతురి నడుముకి. బాలింత నడుము బారసాల నాడు ఎవరికీ కనబడదు. అందుకే పాపం ఆ అమ్మేవాళ్ళు కూడా తల్లి కోసమని రాయరు, పాప కోసమని రాస్తారు. తల్లి కోసమంటే కొనేదెవరు?

మా పనిమనిషికి ఈ సంగతి చెబితే, "మా బిడ్డకు సర్కారు దవాఖానల కిట్టు ఇచ్చిన్రు గదమ్మా. పిల్లకు పరుపు, దోమతెర. మా బిడ్డకు గూడ చీరలు పెట్టిన్రు" అంది. తెలంగాణలో 2017 లో మొదలుపెట్టిన కిట్ల సంగతి. పంచిపెట్టే ప్రభుత్వానికి గుర్తొచ్చిన తల్లి, కన్న తల్లినైన నాకు గుర్తు రాలేదు.

ఇంకో మాట ఉంది, చెప్పడం కష్టం. నా నడుం నొప్పి ఆ పురిట్లోనే మొదలైంది. రాత్రిళ్ళు వంగి, కూర్చుని, లేచి. "నేను పడ్డాను" అనేది నిజం. "కనక నువ్వూ పడు" అనేది అందులోంచి ఎప్పుడు మొలకెత్తిందో నాకే తెలీదు. దానికి నిరాడంబరం అని పేరు పెట్టుకున్నాను. నా నవలల్లో అత్తగార్లకు ఈ గుణం అంటగట్టి చాలా పేజీలు రాశాను లెండి.

అమ్మాయికి ఆపరేషనై ఆడపిల్ల పుట్టింది. ఇంటికొచ్చిన రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే, నన్ను లేపకుండా, గోడ పట్టుకుని, కుట్లు నొక్కుకుంటూ చాప మీదకు దిగడానికి నానా అవస్థా పడుతోంది. ఒక మోకాలు నేలని తాకింది, రెండోది తాకడం లేదు. నేను దీపం వేశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పొద్దున్నే ప్యాడ్ తెప్పించాను. "పుట్టిందిగా, ఇంక కొనుక్కో" అంది అమ్మ, తనే అనుమతిచ్చినట్టు. ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. నడుం వంగనక్కరలేని ఎత్తులో, గోడవారగా, ఇల్లంతటికీ ఒక్కటే చోటు కనబడింది, నా రాతబల్ల. సగంలో ఉన్న సీరియల్ కాగితాలు కట్టకట్టి భోజనాల బల్ల మీదకు చేర్చాను. ఈ వారం భాగం అక్కడే, చారు గిన్నె పక్కన కూర్చుని రాశాను. బాగా రాకపోతే మీరే క్షమించాలి.

మొదటిసారి పిల్లని దాని మీద పడుకోబెట్టగానే కెవ్వుమంది. అమ్మ రెక్సిను మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉందే, పసిదానికి" అని లోపలికెళ్ళి తన పాత నేత చీర చెంగు చింపి తెచ్చి పరిచింది. పిల్ల ఊరుకుంది.

ఆ గుడ్డలు ఇప్పుడు మిషన్లో తిరుగుతున్నాయి. సాయంత్రం అమ్మా నేనూ మడతలు పెడుతూ ఉంటే అడిగాను, "అమ్మా, నా పురిట్లో గుడ్డలు తీసుకెళ్ళిన ఆవిడ పేరేమిటే?" అని.

అమ్మ మడత ఆపింది. "ఉండు... కాలవ గట్టు మీద ఉండేది వాళ్ళ ఇల్లు. పెద్ద కొడుకు రైల్వేలో చేరాడు..." అని కళ్ళు మూసుకుని ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. ఇంతలో రాతబల్ల మీద పిల్ల మళ్ళీ తడిపింది.