తీగ దేన్ని పట్టుకుంది?



వానాకాలంలో శ్రీరాంపూర్ క్వార్టర్ల వెనక సందుల్లో ఒకసారి నడిచి చూడండి. నాలుగు కర్రలు పాతి, పైన అడ్డంగా తీగలు గుంజి, బీరనో సొరనో కాకరనో పాకించిన పందిళ్లు ఎన్నో కనిపిస్తాయి. డ్యూటీ దిగొచ్చి, కొత్త కొన ఎటు పోయిందోనని పందిరి కింద నిలబడి చూసుకునేవాళ్లు మీలోనూ ఉన్నారు. మీకు తెలిసిన ఆ పని గురించే ఈసారి మాట్లాడుకుందాం.

తీగకు ఆధారం కావాలి. అందులో తప్పేమీ లేదు. సుత్తనిపాతంలో బావరి అనే గురువు కథ ఉంది. ఆయన ఉన్నది మన గోదావరి ఒడ్డునే, అస్సక దేశంలో. ప్రశ్నలు అడిగి రమ్మని పదహారుగురు శిష్యులను భగవానుని దగ్గరికి పంపాడు. వాళ్లలో ఉపసీవుడు అనే అతను, తాను ఒంటరివాడినని, ఏ ఆధారమూ లేకుండా ఈ మహా వరదను దాటలేనని, దేన్ని ఆనుకుని దాటాలో చెప్పమని వేడుకున్నాడు. 2022 జూలైలో మంచిర్యాల కాలనీల్లోకి గోదావరి నీళ్లు వచ్చినప్పుడు చూసినవాళ్లకు ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఆధారం అడిగినందుకు భగవానుడు అతన్ని గద్దించలేదు. ఎరుకతో ఉండి, దేన్ని ఆనుకోవాలో చెప్పాడు. ఆ చెప్పింది ధ్యానంలో చాలా పై మెట్టు. సంసారుల చేతికి అందే మొదటి ఆధారం పంచశీలం.

మరి తీగ తప్పుడు చోట పట్టుకుంటే? దానికీ ఒక కథ ఉంది, మజ్ఝిమ నికాయంలో. ఎండాకాలం చివర మాలువ తీగ కాయ పగిలి, గింజ ఒక సాల వృక్షం మొదట్లో పడింది. మన అడవుల్లో విస్తర్లు కుట్టే అడ్డాకు తీగ జాతే ఈ మాలువ అని కొందరు పండితులు అంటారు. చెట్టు మీద ఉండే దేవతకు భయం వేసింది. చుట్టూ ఉన్న దేవతలు వచ్చి ధైర్యం చెప్పారు: ఆ గింజను నెమలి మింగుతుందేమో, జింక తింటుందేమో, కార్చిచ్చు కాలుస్తుందేమో, అసలు మొలకెత్తదేమో అని. వాన పడింది, గింజ మొలిచింది. లేత తీగ మెత్తగా తగులుతుంటే దేవతకు హాయిగానే ఉంది, ఇంత మాత్రానికా భయపడ్డాను అనుకుంది. కొన్నాళ్లకు తీగ పైదాకా కమ్మి, పెద్ద పెద్ద కొమ్మలను చీల్చేసింది. ఇప్పుడు సుఖంగా ఉండి తర్వాత దుఃఖమయ్యే దారి ఇలా ఉంటుందని భగవానుడు చెప్పాడు. జీతం పడిన నాడు దోస్తులతో కూర్చునే మొదటి గ్లాసు ఎంత మెత్తగా ఉంటుందో వేరే చెప్పాలా? పక్కన ధైర్యం చెప్పేవాళ్లకు కూడా కొదవ ఉండదు.

పాళీలో ఉపాదానం అంటే పట్టుకోవడం. మంటకు వేసే ఇంధనాన్ని కూడా అదే మాటతో పిలుస్తారు. బొగ్గు తవ్వే ఊళ్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక పందిరి పని. బీర, కాకర తీగల నులితీగలు దేనికైనా తగిలితే చుట్టుకుంటాయి. పట్టు దొరికాక స్ప్రింగులా మెలి తిరుగుతాయి, గాలికి ఊగినా తెగవు. చలి దేశాల తోటల్లో పూల కోసం పెంచే క్లెమాటిస్ అనే తీగ అయితే ఆకు కాడతోనే పట్టుకుంటుంది. అంత చిన్న కాడ లావాటి గుంజను చుట్టుకోలేదు కాబట్టి సన్న పుల్లలు, దారాలు కట్టి ఇస్తారు. మనిషీ అంతే. పదిమందిలో నిలబడి జన్మలో ముట్టనని ఒట్టేయడం లావాటి గుంజ లాంటిది. ఉపోసథ వ్రతం చూడండి, పున్నమికీ అమావాస్యకూ ఒక పగలు, ఒక రాత్రి. అది చేతికి అందే పుల్ల. దాన్ని పట్టుకుంటే పక్క పుల్ల అందుతుంది.

కట్టేటప్పుడు ఇనుప తీగ వద్దు, పాత చీర పీలిక చాలు. ఎనిమిది అంకెలా మెలిపెట్టి వదులుగా కట్టాలి. బిగిస్తే కాడ లావెక్కే కొద్దీ ముడి లోపలికి దిగి కోస్తుంది. పొద్దున తీగ నీళ్లు పట్టి బిరుసుగా ఉంటుంది, అప్పుడు వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎండకు కాస్త మెత్తబడ్డాక మళ్లించాలి. తాగి వచ్చిన రాత్రే ఇంట్లో పంచాయితీ పెట్టే ఆడబిడ్డలు, అన్నదమ్ములు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది. మాట తెల్లారి కూడా చెప్పొచ్చు.

అన్నిటికన్నా కష్టమైన పని, తీగ ఇప్పటికే పక్కనున్న మునగ చెట్టుకు చుట్టుకుంటే విడదీయడం. గుంజితే తీగే తెగుతుంది. నులితీగలను ఒక్కొక్కటే కత్తిరించి, చుట్టుకున్న దిక్కుకు ఎదురుగా మెల్లగా తిప్పుతూ విప్పాలి. విప్పిన వెంటనే పందిరి కర్రకు కట్టాలి. ఊరికే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ ఆ చెట్టు మీదే ఉంటుంది. మందు మానమని చెప్పి, ఆ సాయంత్రం గంటలు ఎట్లా గడపాలో చెప్పకుండా వదిలేస్తే జరిగేదీ ఇదే. అందుకే భగవానుడు కల్యాణమిత్రుల గురించి అన్నిసార్లు చెప్పాడు. గనిలో కప్పుకు సపోర్టు లేని చోటికి తోటి మనిషిని ఒంటరిగా పోనిస్తామా?

మీ లైన్లో అట్లా మానుకోవాలని చూస్తున్న అన్నో తమ్ముడో ఉంటే, వచ్చే పున్నమి సాయంత్రం షిఫ్టు దిగే వేళకు గేటు దగ్గర నిలబడండి. ఇంటికి కలిసి నడవండి.