పెద్దపేగుకీ కాస్త పెట్టరా

చిన్నా,

పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకోనిదే రోజు గడవడం లేదని మొన్న ఫోన్లో అన్నావు. పొట్ట బాగుపడటానికి ప్రోబయోటిక్ సీసా తెప్పించుకోనా పెద్దమ్మా అని కూడా అడిగావు. ఫోన్లో సగం సగం చెప్పి వదిలేసే సంగతి కాదిది. మీ తాతయ్యకి షుగరు, మీ నాన్నకి షుగరూ బీపీ రెండూ. నీకు ముప్పై దాటాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

మనం తిన్న అన్నం, పప్పు, నెయ్యి చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలో కలుస్తాయి. పీచు మాత్రం అరగదు. దాన్ని విడగొట్టే రసాలు మన ఒంట్లో లేవు. అది అలాగే పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి, వాటికి అదే తిండి. అవి పీచుని పులియబెట్టి కొన్ని కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో ముఖ్యమైనది బ్యుటిరేట్. పెద్దపేగు లోపలి గోడలోని కణాలకి ప్రధాన ఇంధనం అదే. పేగు గోడ గట్టిగా ఉండటానికీ, లోపల వాపు రేగకుండా ఉండటానికీ అది సాయపడుతుంది. ఇన్నేళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పాను, ఈ పాఠం వచ్చినప్పుడల్లా నాకు కొత్తగానే ఉండేది.

మరి పీచు అందకపోతే అవి ఏం తింటాయి? 2016లో చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. పీచు లేని మేత పెట్టేసరికి, పేగు గోడకి కాపలాగా ఉండే జిగురు పొరనే సూక్ష్మజీవులు తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడ్డాక జబ్బు చేసే క్రిములు సులువుగా గోడ దాకా చేరాయి.

ఎలుకల సంగతి మనుషులకి ఎందుకంటావేమో. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధన చెబుతాను. నేను చదివినవాటిలో నా మనసులో బాగా నాటుకుపోయింది ఇదే. అమెరికాలోని నల్లజాతివారిలో పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువ, లక్షమందిలో 65 మంది దాకా. దక్షిణాఫ్రికా పల్లెల్లో అది లక్షకి అయిదుగురికన్నా తక్కువ. ఆ పల్లెలనుంచి 20 మందిని, అమెరికానుంచి 20 మందిని తీసుకుని రెండు వారాలు ఒకరి తిండి ఒకరికి పెట్టారు. పల్లెవాళ్ళకి బర్గర్లు, వేపుళ్ళు, మాంసం. పిట్స్‌బర్గ్ వాళ్ళకి మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, పండ్లు. అమెరికా వాళ్ళకి పీచు రోజుకి 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది. పల్లెవాళ్ళకి 66 నుంచి 12కి పడిపోయింది. రెండే వారాల్లో అమెరికా వాళ్ళ పేగుల్లో బ్యుటిరేట్ తయారీ రెండున్నర రెట్లయింది, వాపు తగ్గింది. పల్లెవాళ్ళలో బ్యుటిరేట్ సగానికి దిగిపోయింది, క్యాన్సర్ ముప్పుని సూచించే గుర్తులు పైకి లేచాయి. రెండు వారాల్లో ఎవరికీ క్యాన్సర్ రాలేదు, పోలేదు. పరిశోధకులు కొలిచింది ముప్పు సూచనల్ని మాత్రమే. అయినా రెండు వారాలంటే ఎంత తక్కువో చూడు నాన్నా! నాకు భయంకన్నా ధైర్యమే ఎక్కువ కలిగింది. చెడేది ఎంత త్వరగా చెడుతుందో, బాగయ్యేదీ అంత త్వరగానే మొదలవుతుంది.

ఇప్పుడు నీ కంచం చూడు. మధ్యాహ్నం బాగా పాలిష్ పట్టిన బియ్యంతో బిర్యానీ, రాత్రి పదకొండింటికి యాప్‌లో తెప్పించుకున్న నూడుల్సు. మధ్యలో బిస్కెట్లు. ఇందులో నీ నాలుకకి ఉంది, కడుపుకి ఉంది, పెద్దపేగుకి ఏముంది? ఇంట్లో వండుకున్నా మనది అన్నం కొండంత, కూర గోరంత. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల్లో రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100 గ్రాములు ఉండాలన్నారు. అంటే ధాన్యంకన్నా కూరగాయలే ఎక్కువ. మన ఇళ్ళలో ఇది సరిగ్గా తిరగబడి ఉంది.

షుగరు విషయానికి కూడా ఇదే దారి. మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందనీ, మరో 13 కోట్లకు పైగా దాని అంచున ఉన్నారనీ 2023లో తేల్చారు. పీచు ఉన్న తిండి మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. 2019లో లాన్సెట్ పత్రికలో వందలకొద్దీ పరిశోధనల్ని కూడగట్టి చూశారు. పీచు బాగా తినేవాళ్ళలో గుండెజబ్బు, పక్షవాతం, టైప్ 2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం దాకా తక్కువగా కనబడ్డాయి. రోజుకి 25 గ్రాములకి తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వంశంలో ఉన్నదాన్ని మార్చలేం. కంచంలో ఉన్నదాన్ని మార్చుకోవచ్చు కదా.

మంచి సూక్ష్మజీవులుంటాయంటూ అమ్మే ఆ ప్రోబయోటిక్ సీసా కొనకురా. డాక్టరు ఒక జబ్బుకని రాసిస్తే వేరు. ఊరికే కొనేదానికన్నా ఆ డబ్బు పెట్టి గోరుచిక్కుడు, తోటకూర, బొబ్బర్లు, సెనగలు, జామకాయలు కొనుక్కో. రోజూ ఇంట్లో తోడేసిన పెరుగు తిను, మజ్జిగ తాగు. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో పది వారాలు పులిసిన ఆహారం తిన్నవాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, వాపు సూచనలు తగ్గాయి. చద్దన్నం కూడా మంచిదే. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రకంగా మారి పీచులాగే పనిచేస్తుంది. అలాగని దాన్ని అమృతమనే మాటలు నమ్మకు. ఆవకాయని మాత్రం ఈ లెక్కలో వెయ్యకు. దాన్ని నిలబెట్టేది ఉప్పూ నూనే. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు.

జలుబు చేయగానే మెడికల్ షాపులో యాంటిబయోటిక్ అడిగి తెచ్చుకునే అలవాటు మానుకో. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు దాన్నేమీ చెయ్యదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని మాత్రం చంపుతుంది. గ్యాస్ బిళ్ల సంగతి డాక్టరుతో మాట్లాడు. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, పేగుల్లో సూక్ష్మజీవుల పొందికా మారుతుంది. నీ అంతట నువ్వు ఠక్కున ఆపకు, ఆయన చెప్పినట్టు తగ్గించుకో. రాత్రి భోజనం తొమ్మిదిలోపు ముగించి చూడు, బిళ్ల అవసరమే తగ్గవచ్చు.

ఇవన్నీ రేపటినుంచే ఒక్కసారిగా మొదలుపెడితే కడుపు ఉబ్బరించి నన్ను తిట్టుకుంటావు. పేగులకి అలవాటు కావాలి. మొదటి వారం కూర రెట్టింపు చెయ్యి, అన్నం ఆ మేరకి తగ్గించు. తరవాత వారం ఒకపూట జొన్నరొట్టో రాగిసంకటో పెట్టుకో. ఆపైన సాయంత్రం బిస్కెట్ల బదులు గుగ్గిళ్ళు. నీళ్ళు బాగా తాగు. నీళ్ళు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది.

చివరగా ఒకటి, సిగ్గుపడకుండా విను. విరేచనంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉందని పరీక్షలో తేలినా, విరేచనం తీరు మారి వారాలైనా కుదుటపడకపోయినా అవి మొలలేలే అని నీకు నువ్వే తేల్చుకోకు. అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ కుర్రవాళ్ళలోనూ పెరుగుతోందని, పరీక్షలు మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి దించారు. డల్లాస్‌లో ఉన్న మీ అక్కకీ బావకీ ఈ మాట చెప్పు, వాళ్ళకి ఆ వయసు దగ్గరపడింది. నీకు అలాంటిదేదైనా కనబడితే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అమ్మకి చెప్పడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్యి, తోడు నేనొస్తాను.

మీ పెద్దమ్మ