ఇంటిగుట్టు – బిడ్డ ప్రాణము

ఇంటిగుట్టు దాచుట గృహస్థధర్మమని మన పెద్దలు చెప్పుదురు. లోకుల నోట బడని సంసారమే మర్యాదగల సంసారమని మనకు నమ్మకము. అయితే ఆ గుట్టువలన బిడ్డ ప్రాణమునకే ముప్పు వాటిల్లునపుడు దానిని దాచుట ధర్మమగునా? నేటి వైద్యశాస్త్రము ఈ ప్రశ్నను మన ముంగిట నిలిపినది.

గాయమైనచోట నెత్తురును నిలుపునవి రక్తఫలకికలు. డెంగీ జ్వరము పుణ్యమా యని 'ప్లేట్లెట్లు' అను మాట నేడు పల్లెలలో సైతము వినబడుచున్నది. ఒక ఘన మిల్లీమీటరు రక్తమున ఇవి సాధారణముగా 1,50,000 మొదలు 4,50,000 వఱకు నుండును. ఇవి మిక్కిలి తగ్గిన బిడ్డకు ఒంటిపై ఎఱ్ఱని చుక్కలును, కమిలిన మచ్చలును కానవచ్చును. ముక్కునుండి నెత్తురు కారును. పిల్లలలో ఈ తఱుగుదల పెక్కుమారులు దేహరక్షణశక్తి పొరబడి తన ఫలకికలనే నాశనము చేయుటవలన గలుగును. చాలమందికి కొన్ని నెలలలో దానంతట నదియే నయమగును. కాని కొందఱికిది పుట్టుకతో వచ్చినది. పైకి రెండును నొక్కటిగనే తోచును. రెండవదానిని మొదటిదిగా భ్రమించినచో పనికిరాని స్టీరాయిడ్ మందులు మింగించుటయు, ఒక్కొక్కపుడు ప్లీహమునే కోసి తీసివేయుటయు సంభవించును.

ఈ భేదము నెఱుగుట యెట్లు? వైద్యులు సూక్ష్మదర్శినిలో ఫలకికల పరిమాణము చూతురు. 1948లో పారిసు వైద్యులు బెర్నార్, సూలియే వర్ణించిన రోగమున నవి మిక్కిలి పెద్దవి. విస్కాట్-ఆల్‌డ్రిచ్ రోగమున మిక్కిలి చిన్నవి. పిమ్మట జన్యుపరీక్ష కలదు. వీనికన్నిటికంటె ముందు కాసు ఖర్చు లేని పరీక్ష యొకటి యున్నది: "మీ యింట మఱెవరికైన నిట్లున్నదా?" అను ప్రశ్న.

1937లో జర్మను వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ విస్కాట్ ముగ్గురు అన్నదమ్ములను గూర్చి వ్రాసెను. ముగ్గురికిని ఫలకికలు తక్కువ. రక్తవిరేచనములు, చర్మరోగము, చెవిలో చీము. అక్కచెల్లెండ్రు మాత్ర మారోగ్యవతులు. 1954లో అమెరికాలో రాబర్ట్ ఆల్‌డ్రిచ్ ఒక డచ్చిసంతతి కుటుంబము యొక్క తరతరముల వృత్తాంతమును గూర్చి, యీ రోగము తల్లులద్వారా కొడుకులకు సంక్రమించునని చూపెను. ఆ యింటివారు సిగ్గుపడి నోరు మూసికొనియుండిన నేమై యుండును? నేడీ రోగము ఎముకమూలుగ మార్పిడిచే నయమగు నవకాశము కలదు. కారణము దాచబడిన బిడ్డకు ఆ యవకాశము చేయి జాఱిపోవచ్చును.

"పెండ్లి కావలసిన పిల్లలున్నారు, ఈ మాట పొక్కిన సంబంధములు తప్పిపోవును" అని మన యిండ్లలో ననెదరు. ఈ భయము వట్టిదని మేమనము. తల్లినుండి వచ్చినదని వినగానే కోడలిని నిందించు వారు మనలో లేకపోలేదు. కాని జన్యువు నెవరును కోరి తెచ్చుకొనరు. బెర్నార్-సూలియే రోగము సాధారణముగా తల్లిదండ్రు లిరువురినుండియు లోపము వచ్చిననే బిడ్డకు గలుగును. మన మేనరికములును, మేనమామ-మేనకోడండ్ర వివాహములును అట్టి కలయికకు అవకాశము పెంచుచున్నవి. ఇచట నిందింపదగిన మనుష్యుడు లేడు; పునరాలోచింపదగిన యాచారము కలదు.

వైద్యునికి చెప్పుట వేఱు, వీధికి చాటుట వేఱు. గుట్టు నిలుపవలసినది వీధియెదుట. వైద్యునియెదుట దానిని నిలుపుట బిడ్డ సొమ్మును దొంగిలుటయే. ఎదిగిన బిడ్డకు సైతము తెలియజెప్పవలెను. పన్ను తీయించుకొనునపుడును, ప్రసవకాలమునను ఆ యెఱుకయే రక్ష. ఇట్టి రోగములలో కొన్ని ముందుముందు రక్తపు క్యాన్సరునకు దారితీయవచ్చును. కనుక నీ సత్యమును బిడ్డ వయస్సునకు దగినట్లు, దయతో చెప్పవలెను. చెప్పకుండుట మాత్రము దయ కాదు.

చదువుకొన్న గృహస్థులు తమ వంశమున నెవరికి నెత్తురాగక బాధ కలిగెనో, ఏ శిశువులు కారణము తెలియక మరణించిరో పెద్దల నడిగి యొక కాగితముపై వ్రాసియుంచుకొనవలెనని మా మనవి. తాతల పేర్లు తద్దినమునాడు తలంచుకొను మనము వారి వ్యాధులను మనుమల కొఱకు తలంచుకొనలేమా?