పెట్టె మన మిద్దెపై, ఫలం పొరుగువాని తోటలో



పునీత స్నాపక యోహాను ఎడారిలో మిడతలను, అడవి తేనెను తిని జీవించాడని మత్తయి సువార్త మూడవ అధ్యాయంలో చదువుతాం. వానలేని చోట తేనె ఎలా దొరికిందని అనంతపురంవాళ్ళం మనం ఆశ్చర్యపడనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలోనూ నేల బీటలు వారే ఎండల్లో వేప, కానుగ పూస్తాయి. బండలకూ, నీళ్ళ ట్యాంకులకూ పెద్ద తేనెటీగలు తుట్టెలు పెడతాయి. దేవుడు తన ప్రజలకు బండనుండి తేనెనిచ్చాడని ద్వితీయోపదేశకాండము చెప్పే మాట మన కొండల దగ్గర కంటికి కనబడే మాటే.

మిద్దెపై ఒక తేనెపెట్టె ఉంచుకొందామా అని మీలో ఎవరైనా ఆలోచిస్తుంటే, ఈ వారం నా మాటలు వారికే. బండలపై ఉండే పెద్ద ఈగ పెట్టెలో ఇమడదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో గూడు కట్టే దేశవాళీ ఈగ ఇముడుతుంది. దానికి తగిన చిన్న పెట్టెను 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో రూపొందించినది న్యూటన్ అనే క్రైస్తవ గురువే. ఆయన పల్లెవాసులకు ఆ పని నేర్పారు. దక్షిణాదిలో నేటికీ దానిని న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు.

అయితే తేనె కోసమే పెట్టె పెట్టేవారు త్వరగా నిరాశ పడతారు. పనికాలంలో శ్రామిక ఈగ ఆయుష్షు సుమారు ఆరు వారాలు. ఆ బ్రతుకంతా తిరిగి అది కూర్చే తేనె చెంచాలో పదోవంతు కూడా ఉండదు. దాని అసలు మేలు వేరే చోట ఉంది. కర్బూజ తీగకు మగపువ్వు వేరు, పిందె పట్టే పువ్వు వేరు. పుప్పొడిని ఎవరో ఒకరు మోసుకురాకపోతే పిందె నిలవదు. పొద్దుతిరుగుడు గింజ నిండుగా పట్టడానికీ ఈగ కావాలి. ఈగ మాత్రం తన ఆహారం కోసమే పువ్వు మీద వాలుతుంది. కార్యానికి ఉద్దేశం ఒకటి, ఫలం మరొకటి కావచ్చునని తత్త్వశాస్త్రం చెబుతుంది. ఆ రెంటినీ కలిపే చేతిని మనం దైవసంకల్పం అంటాం.

ఇక్కడే మనకు పరీక్ష. పెట్టె మీది, ఖర్చు మీది. కాయలు మాత్రం మీతో మాటలు లేని పొరుగువాని తోటలో కాస్తాయి. ఈగలకు గట్టు తగాదాలు తెలియవు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేయికి తెలియకూడదన్న ప్రభువు మాటను ఇంత చక్కగా పాటించే దానం మరొకటి ఉందా?

“ఫాదర్, బిందె నీళ్ళకే కష్టమైతే పురుగులకు ఎక్కడ పోస్తాం?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని అవి అడిగేది ఒక మూకుడు నీళ్ళు. ఆ నీటి బొట్లను గూటిలో పరచి, రెక్కలతో విసిరి, పిల్లలున్న చోటును 35 డిగ్రీల దగ్గర నిలుపుతాయి. మూకుడులో గులకరాళ్ళు వేయండి, ఈగలు మునిగిపోవు. పెట్టెపై చిన్న పందిరి వేయండి. చీమలు ఎక్కకుండా బల్లకోళ్ళను నీటి గిన్నెల్లో నిలపండి. పెట్టె వాకిలి వీధివైపు, పిల్లలు ఆడేవైపు ఉండరాదు.

ముందుగా మిద్దెనెక్కి చుట్టూ చూడండి. ఎటు చూసినా వేరుశనగే ఉంటే తొందరపడకండి. వేరుశనగ తన పువ్వును తానే ఫలింపజేసుకొంటుంది. ఈగ అవసరం దానికి తక్కువ, ఈగకు అది పెట్టేదీ తక్కువే. అటువంటి చోట పెట్టె పెట్టి ఆకలితో మాడ్చడం ప్రేమ కాదు. ముందు మునగ, కానుగ నాటండి. తేనె తీసేటప్పుడు పొలం అంచుల పంట పేదలకు విడువమన్న లేవీయకాండపు ఆజ్ఞను తలచుకోండి. పూలులేని నెలలకు వాటి తిండి వాటికి మిగల్చండి. అంతా పిండుకొంటే దేశవాళీ ఈగ పెట్టె విడిచి వెళ్ళిపోతుంది.

పూతమీద పురుగుమందు కొట్టే చేతులకూ ఒక మాట. మందులవల్ల నశించే పక్షులు, కీటకాలు ఎన్నో సేద్యానికి మేలుచేసేవేనని 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు ‘లౌదాతో సీ’ లేఖలో గుర్తుచేశారు. కొట్టక తప్పకపోతే ఈగలు గూడు చేరిన సాయంకాలం కొట్టండి. పొరుగువాని పెట్టెను చంపడం కూడా ఆత్మపరిశోధనలో రావలసిన విషయమే.

పాస్కా జాగరణలో కొత్త దీపం ముందు పాడే ప్రాచీన లతీను స్తుతిగీతంలో తేనెటీగల శ్రమను తిరుసభ స్మరిస్తుంది. క్రీస్తు వెలుగును మోసే ఆ మైనం వేలాది చిన్న ప్రాణుల కానుక. అవి తమ కోసం మాత్రమే బ్రతకలేదు. మనమో?

దేవుడు మన పైరులను, మన పొరుగువారి పైరులను దీవించును గాక!