ఆయువు తీరినదని ఎవరు చెప్పగలరు?

ఆయువు భగవన్నిర్ణయమైనప్పుడు, ఆగిపోయిన గుండెను మరల కొట్టుకొనునట్లు చేయబూనుట ఈశ్వరసంకల్పమును ఎదిరించుట కాదా యని కొందరు భక్తులు సందేహింతురు. ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. గీతాచార్యుడు 18వ అధ్యాయమున కర్మకు అయిదు హేతువులను చెప్పుచు చేష్టను ముందు నిలిపి, దైవమును అయిదవదిగా పేర్కొన్నాడు. ఆ దైవమనగా అంతర్యామియైన పరమాత్మయే యని శ్రీరామానుజుల వ్యాఖ్యానము. అట్లైనచో రోగి రొమ్మును నొక్కుచున్న చేతులలోను ఆయనయే యున్నాడు గదా!

గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండెపోటులో రక్తనాళము మూసికొనిపోవును. రోగికి తెలివి యుండవచ్చును. గుండె ఆగినచో క్షణములలో మనిషి కుప్పకూలును. నాలుగైదు నిమిషములు గడచుసరికి మెదడు చెడనారంభించును. రొమ్ము కోయకయే, పైనుండి చేతులతో నొక్కి రక్తమును నడిపించు పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ప్రకటించిరి. వారిలో మొదటివాడు వైద్యుడు కాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు! నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, రెండంగుళముల లోతున నొక్కవలెను. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు.

గుండె తిరిగి కొట్టుకొన్నను మెదడు మేలుకొనునా యన్నది వేరు ప్రశ్న. శరీరమును చల్లబరచినచో మెదడు దక్కునని 2002లో ఐరోపా, ఆస్ట్రేలియాలలో జరిగిన పరీక్షలు గొప్ప ఆశ కల్పించినవి. 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 1,850 మంది రోగుల ఫలితములు చూడగా, 33 డిగ్రీలకు చల్లబరచినవారిలో నూటికి 50 మంది, జ్వరము రానీయక కాపాడినవారిలో 48 మంది ఆరు నెలలలోగా మరణించిరి. అనగా చల్లదనము అదనముగ రక్షించినది లేదు. తాము నమ్మినదానిని తామే పరీక్షించి ఒప్పుకొనిన ఆ వైద్యుల సత్యనిష్ఠ మెచ్చదగినది.

తెలివి రాదని తొందరపడి తేల్చరాదు. కనీసము 72 గంటలు గడచి, నిద్రమందుల ప్రభావము తొలగిన పిదపనే, కంటిపాపల స్పందన, ఈఈజీ, స్కానింగు మున్నగు పెక్కు గుర్తులను కలిపి చూడవలెను. ఆ మూడు దినములు ఇంటివారికి మూడు యుగములు. బిల్లు పెరుగుచుండును. బంధువులలో ఒకడు “ఇక ఆయువు తీరినది” అనును. గడువు తీరకయే, ఖర్చునకు వెరచి ఆపి, దానిని దైవనిర్ణయమనుట దైవముపై నింద మోపుటయే. పేదవాని యశక్తత వేరు, అతనిని తప్పుపట్టువారెవరు?

గడువు తీరి, ఆశ లేదని నిర్ధారణయైన పిదప యంత్రమును తొలగించుట హత్య కాదు. మన సుప్రీంకోర్టు 2018 తీర్పులో దీనిని అంగీకరించి, తన యిచ్ఛను ముందుగా వ్రాసియుంచుటకును వీలు కల్పించినది. 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది.

అయినను కుమారుని గుండెలో ఒక ముల్లు మిగులును: తండ్రి నారాయణస్మరణ లేకయే పోవునా? వరాహచరమశ్లోకము ఈ భయమునకే సమాధానము. ఆరోగ్యమున తన్ను తలచినవాడు అంత్యమున కట్టెవలె, రాయివలె పడియున్నచో, వానిని తానే తలచెదనని స్వామి మాట యిచ్చినాడు.

కావున తన చికిత్సను గూర్చిన మాటను కూడ ఆరోగ్యముగ నున్న దినములలో, ఇంట కూర్చుండి, పెద్దలే ఎత్తవలెను. పిల్లలకు ఆ మాట యెత్తుటకు నోరు రాదు.